రీమ్యాప్ చేసిన కారు, పరిటాల దుమ్ము, మే నెల ఎండ

జగ్గయ్యపేట నుంచి బెజవాడ దాకా హైవే పక్కనున్న మెకానిక్ షెడ్లలో చిన్న టర్బో కారు బానెట్ ఎత్తిన చోటల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది: “రీమ్యాప్ చేయిస్తే మైలేజీ పడిపోద్దా?” చేసేవాళ్లు పడిపోదంటారు, లీటరుకి ఒక కిలోమీటరు పెరిగినా పెరుగుద్దంటారు. చేయించుకున్నవాళ్లలో ఒకరు ఏ తేడా లేదంటారు, ఇంకొకరు మూడు నాలుగు కిలోమీటర్లు తగ్గిందని వాపోతారు. అందరూ చెప్పేదీ నిజమే. కారు ఒకటే, రోడ్డు ఒకటే, మ్యాపు ఒకటే అయినా జవాబు మారిపోవడానికి భౌతికశాస్త్రంలో స్పష్టమైన కారణం ఉంది. అది అర్థమైతే ఆ కారుకి సర్వీసింగ్ ఎలా చేయించాలో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

ముందు ఏ కార్ల సంగతో చెప్పుకుందాం. 2013లో వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ మన దేశంలోకి వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. ధ్రువీకరణ మైలేజీ లీటరుకి 17.2 కిలోమీటర్లు. 2015లో ఫియట్ అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2017లో మారుతి బాలెనో ఆర్ఎస్, 2018లో టాటా వాళ్లూ కోయంబత్తూరు జయెం వాళ్లూ కలిసి చేసిన టియాగో జేటీపీ, 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. వీటిలో చాలావాటి తయారీ ఆగిపోయింది. పోలో 2022లోనే ఆగింది. అయినా మంచి కండిషన్లో ఉన్న పోలో జీటీ సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే కుర్రాళ్లు వదలరు. ఆ ఇంజను లాగుడు అలాంటిది.

ట్యూనింగ్ అంటే ఇక్కడ సిలిండర్ బోరు పెంచడమో క్రాంకు మార్చడమో కాదు. ఇంజనుని నడిపించే కంప్యూటరు ఈసీయూ. పెడల్ ఎంత నొక్కితే టర్బో ఎంత గాలిని లోపలికి కుక్కాలి, ఇంజెక్టరు ఎంత పెట్రోలు చిమ్మాలి, ప్లగ్గు ఏ క్షణాన రవ్వ వేయాలి అనే లెక్కల పట్టికలు అందులో ఉంటాయి. వాటిని తిరగరాయడమే రీమ్యాప్. విడిభాగాలేవీ మార్చకుండా పట్టికలే మారిస్తే దాన్ని స్టేజ్ వన్ అంటారు. పోలో లాంటి కారు దాంతో 130 హార్స్‌పవర్ చుట్టుపక్కలకి చేరుతుంది.

ఆ అదనపు పాతిక ఎక్కణ్నుంచి వచ్చింది? కంపెనీ ఇంజనీర్లు వదిలిపెట్టిన వెసులుబాటు నుంచి. నాసిరకం పెట్రోలు, ఎడారి ఎండ, ఆయిల్ మార్చడం మరచిపోయే యజమాని, ఇవన్నీ ఊహించి వాళ్లు ఇంజనులో ఒత్తిడినీ వేడినీ హద్దుకి కాస్త దిగువనే ఆపేస్తారు. రీమ్యాప్ ఆ మిగులుని తీసి చక్రాలకి ఇస్తుంది. చల్లటి దేశంలో, శుభ్రమైన గాలిలో తిరిగే కారుకి ఆ మిగులు పెద్దగా అవసరం పడకపోవచ్చు. నందిగామ, జగ్గయ్యపేట వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు. పరిటాల, దొనబండ, కంచికచర్ల కంకర క్రషర్ల ఊళ్లు. ఇక్కడ తిరిగే కారు ఆ మిగులుని రోజూ వాడుకుంటూనే ఉంది. అందుకే ట్యూన్ చేసిన కారు సర్వీసింగ్‌ని మామూలు కారు సర్వీసింగ్‌లా చూడకూడదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ముందు మైలేజీ లెక్క చూద్దాం.

120లో పోవడానికి పాతిక హార్స్‌పవర్ చాలు

మన హాచ్‌బ్యాక్ ముందుభాగం వైశాల్యం 2 చదరపు మీటర్లు, గాలిని చీల్చుకుపోయే తీరుని చెప్పే డ్రాగ్ గుణకం 0.32, వేసవి గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.15 కిలోలు, మనుషులతో కలిపి బరువు 1,250 కిలోలు అనుకుందాం. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో గాలి ఈ కారుని వెనక్కి నెట్టే బలం సుమారు 180 న్యూటన్లు. 100లో 285. 120లో 410. టైర్లు రోడ్డు మీద దొర్లడంలో పోయేది ఏ వేగంలోనైనా దాదాపు 130. రెండూ కూడి వేగంతో గుణిస్తే, 80లో నిలకడగా పోవడానికి చక్రాల దగ్గర కావలసింది తొమ్మిది, పది హార్స్‌పవర్. 120లో పాతికకి కాస్త తక్కువ.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. 105 హార్స్‌పవర్ ఇంజను హైవే మీద చాలా సేపు చేసే పని అందులో పదో వంతు, మహా అయితే నాలుగో వంతు. 105ని 130 చేసినా నిలకడగా పోతున్నంతసేపు ఆ అదనపు శక్తిని ఎవరూ అడగడం లేదు. ఇంజను సులువుగా నడుస్తున్నప్పుడు, అంటే తక్కువ లోడ్‌లో, కొత్త మ్యాపులోనూ గాలికీ పెట్రోలుకీ పాత నిష్పత్తే నడుస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు క్షణక్షణం కొలిచి, పెట్రోలు సరిగ్గా పూర్తిగా మండేటట్టు సరిదిద్దుతుంది. ట్యూనర్ కూడా ఆ భాగాన్ని ముట్టుకోడు, ముట్టుకోకూడదు. కాబట్టి “తేడా ఏం లేదు” అన్నవాడు మెల్లగా, నిలకడగా నడిపేవాడు.

“పెరుగుద్ది” అన్న మాటలోనూ కొంత నిజముంది. కింది ఆర్పీఎంలలో టార్క్ పెరిగితే మునుపు నాలుగో గేరు కావలసిన చోట అయిదో గేరు సరిపోతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే లోపలి ఒరిపిడి తగ్గుతుంది. సగం మూసిన థ్రాటిల్ గుండా గాలిని పీల్చుకోవడానికి పడే శ్రమ కూడా తగ్గుతుంది. చిన్న ఇంజనుకి టర్బో తగిలించి పెద్ద ఇంజను పని చేయించడంలోని కిటుకే అది. కానీ ఈ లాభం స్వల్పం. మైలేజీ పెంచుకోవడానికి రీమ్యాప్ చేయించుకోవడం తెలివైన ఖర్చు కాదు.

అదే లెక్క మరో సంగతి చెబుతుంది. 80 నుంచి 120కి వెళితే ప్రతి కిలోమీటరుకీ చేయాల్సిన పని 310 కిలోజౌళ్ల నుంచి 540కి పెరుగుతుంది. మైలేజీని అందరికంటే ముందు తినేది వేగం. జగ్గయ్యపేట నుంచి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు. దారిలో ఎక్కడా ఆగకుండా 100లో పోతే 45 నిమిషాలు, 120లో పోతే ముప్పై ఏడున్నర. మిగిలేది ఏడున్నర నిమిషాలు. పైగా 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారు గరిష్ఠ వేగం 100. 120 ఎక్స్‌ప్రెస్‌వేలకే.

మరి మూడు నాలుగు కిలోమీటర్లు తగ్గిందన్నవాడి సంగతేమిటి? ఈ రోడ్డు నిలకడగా పోనిచ్చే రోడ్డు కాదు. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు, క్వారీల నుంచి కంకర టిప్పర్లు, ఊరి జంక్షన్ల దగ్గర అడ్డం వచ్చే ఆటోలు, ట్రాక్టర్లు. టిప్పర్ వెనక 80లో పోతున్న కారుని ఒక్క ఊపులో 120కి తీసుకెళితే దాని గతిశక్తి దాదాపు 385 కిలోజౌళ్లు పెరుగుతుంది. ఇంజను సామర్థ్యం 30 శాతం అనుకున్నా అందుకు 40 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అది కూడా సరైన నిష్పత్తిలో మండితే. పెడల్ నేలకి తొక్కినప్పుడు ఈసీయూ ఆ నిష్పత్తిని వదిలేసి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఎందుకంటే అప్పుడు పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది, టర్బో చక్రమూ ఎగ్జాస్ట్ వాల్వులూ తట్టుకోవాలి. ఆ అదనపు పెట్రోలు మండడానికి కాదు, ఆవిరై వేడిని లాక్కోవడానికి. ట్యూన్ చేసిన మ్యాపులో బూస్ట్, అంటే టర్బో గాలిని కుక్కే ఒత్తిడి, ఎక్కువ కాబట్టి ఈ పోత కూడా ఎక్కువే. దాంతో ఒక్కో ఊపుకి ఖర్చు 50 మిల్లీలీటర్ల దాకా పోతుంది. తర్వాత కంచికచర్ల జంక్షన్ దగ్గర బ్రేకు తొక్కగానే సంపాదించిన గతిశక్తి అంతా డిస్కుల వేడిగా పోతుంది. దారి పొడుగునా పదిసార్లు ఇలా చేస్తే అర లీటరు. నాలుగున్నర లీటర్ల ప్రయాణంలో అర లీటరు చిన్న సంగతి కాదు. లాగుడు బాగుందని ఇంకో పదిసార్లు తొక్కితే మైలేజీ ఎక్కడికి పోయిందో వెతుక్కోనక్కర్లేదు.

ధ్రువీకరణ అంకె 17.2 ఎందుకు రాదని బాధపడేవాళ్లకి ఒక మాట. ఆ పరీక్ష రోలర్ల మీద, ఏసీ లేకుండా, గంటకి 90 కిలోమీటర్లు దాటకుండా జరుగుతుంది. అది కార్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే పనికొస్తుంది. డాష్‌బోర్డు మీద కనిపించే సగటు మైలేజీని కూడా రీమ్యాప్ తర్వాత నమ్మకూడదు. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్న లెక్క నుంచి ఈసీయూ ఆ అంకెని ఊహిస్తుంది. ట్యూనర్ ఆ లెక్కల్ని కదిపితే అది తప్పు చూపిస్తుంది, ఎక్కువసార్లు మనకి ఇష్టమైన వైపు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నింపి, మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించడం ఒక్కటే దారి. నాలుగైదు ట్యాంకుల సగటు తీస్తే నమ్మదగిన అంకె వస్తుంది.

బంకులో పోసేది కూడా మారింది

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇ20. 2023లో మొదలై 2025కల్లా దేశమంతా విస్తరించింది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 చిల్లర. 20 శాతం కలిపితే లీటరుకి దాదాపు 7 శాతం శక్తి తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత పద్ధతిలో తయారైన కార్లకి మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని చెప్పింది. లీటరుకి 16 ఇచ్చిన కారు 15 ఇస్తే మెకానిక్కునో మ్యాపునో తిట్టక్కర్లేదు. గరికపాడు దాటి తెలంగాణలోని కోదాడలో పోయించుకుంటే లీటరుకి కొంత మిగలొచ్చు కానీ ఆ పెట్రోలూ ఇ20యే.

ట్యూన్ చేసిన ఇంజనుకి ఇథనాల్ ఒక మేలు చేస్తుంది, ఒక చిక్కు పెడుతుంది. మేలు నాకింగ్ విషయంలో. సిలిండర్‌లో గాలి, పెట్రోలు మిశ్రమం ప్లగ్గు రవ్వతో ఒక పక్క నుంచి క్రమంగా మండాలి. వేడి, ఒత్తిడి మితిమీరితే మంట చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. గుండ్లు రాలినట్టు టకటకమనే ఆ శబ్దమే నాకింగ్. ఎక్కువ కాలం సాగితే పిస్టన్ అంచులు చిట్లుతాయి. బూస్ట్ పెంచిన ఇంజనుకి అన్నిటికంటే పెద్ద శత్రువు ఇదే. ఆక్టేన్ సంఖ్య ఎక్కువుంటే పెట్రోలు దీన్ని తట్టుకుంటుంది. బీఎస్ 6 మామూలు పెట్రోలుకి కనీసం 91 ఉండాలన్న ప్రమాణం ఇ20కి 95 అయింది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకంటే రెండింతలకి పైగా వేడిని లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే సిలిండర్‌లోనూ పనిచేస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఇథనాల్ పూర్తిగా మండాలంటే అదే గాలికి పెట్రోలుకంటే ఎక్కువ పోయాలి. 10 శాతం ఇథనాల్ పెట్రోలుకి రాసిన మ్యాపుతో ఇ20 వాడితే నిష్పత్తిలో 4 శాతం లోటు పడుతుంది. మెల్లగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సారు దాన్ని సర్దుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు, పెట్రోలు పంపూ ఇంజెక్టర్లూ అప్పటికే వాటి హద్దు దగ్గర పనిచేస్తుంటే, ఆ సర్దుబాటుకి చోటుండదు. మిశ్రమం పలచనై వేడెక్కుతుంది. నాలుగైదేళ్ల కిందట రీమ్యాప్ చేయించిన కారు మీ దగ్గర ఉంటే, ట్యూనర్ దగ్గరికి మళ్లీ వెళ్లి స్కానర్ పెట్టించి పెట్రోలు సవరణ శాతాలు చూపించుకోవడం ఇప్పుడు అత్యవసరమైన పని అని నా అభిప్రాయం. కొత్త ఫిల్టరు, కొత్త సైలెన్సరు దాని తర్వాతే.

మే నెల మధ్యాహ్నం

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో వాతావరణ పీడనానికి రెట్టింపు ఒత్తిడితో గాలిని కుక్కుతోందనీ, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమనీ అనుకుందాం. డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీల గాలి టర్బోలోంచి దాదాపు 110 డిగ్రీలతో బయటికొస్తుంది. మేలో నందిగామ దగ్గర మధ్యాహ్నం 45 డిగ్రీల గాలి 145 డిగ్రీలతో వస్తుంది. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరచాలి, కానీ ఇంటర్‌కూలర్‌కి తగిలేది కూడా ఆ 45 డిగ్రీల వడగాలే. అది ఎంత గొప్పదైనా బయటి గాలికంటే చల్లగా చేయలేదు.

నాకింగ్ మొదలవగానే బ్లాకు మీదున్న సెన్సారు పసిగడుతుంది. ఈసీయూ రవ్వని ఆలస్యం చేస్తుంది. ఆలస్యంగా మండిన మిశ్రమం పిస్టన్ని నెట్టే పని తక్కువ చేసి, వేడిని ఎక్కువగా పొగగొట్టంలోకి పంపుతుంది. శక్తి తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, టర్బో ఇంకా వేడెక్కుతుంది. రీమ్యాప్‌కి డబ్బు పోసి కొన్న హార్స్‌పవర్లలో కొన్ని మే నెల మధ్యాహ్నం కనిపించకపోవడానికి కారణం ఇదే. మంచి ట్యూనర్ అయితే ఈ ప్రాంతపు ఎండకి తగినట్టు, గాలి వేడి ఒక హద్దు దాటగానే బూస్ట్ తగ్గేలా మ్యాపు రాస్తాడు. చల్లటి చోట డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద వచ్చిన అంకె చూపించేవాణ్ని కాకుండా, మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీదకి తీసుకెళ్లి ఒక్కో సిలిండర్ రవ్వ ఎంత ఆలస్యమవుతోందో లాగ్ తీసి చూపించేవాణ్ని నమ్మండి.

వేడి దెబ్బ తినేది ఇంజనొక్కటే కాదు. పోలో జీటీలోని డీఎస్‌జీ గేర్‌బాక్సులో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. ఆయిల్‌లో మునిగి ఉండవు కాబట్టి వేడి పోయే దారి తక్కువ. ఆ బాక్సు రూపకల్పన 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకే. స్టేజ్ వన్‌లో కొందరు ఆ అంచుదాకా తీసుకెళతారు. వేడి, తేమ దేశాల్లో ఈ బాక్సుకి ఇబ్బందులు రావడంతో వోక్స్‌వ్యాగన్ 2013లో ప్రపంచవ్యాప్తంగా పదహారు లక్షల కార్లను వెనక్కి పిలిచి సింథటిక్ గేర్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. అందుకే ట్యూన్ చేసిన డీఎస్‌జీ కారుతో టోల్‌గేట్ క్యూలో బ్రేకు సగం వదిలి అంగుళమంగుళం పాకించడం మంచిది కాదు. ముందున్న బండి కాస్త కదిలేదాకా ఆగి, ఒకేసారి కదలండి.

ఆయిల్ విషయంలో బేరం వద్దు

టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. దానికీ బేరింగుకీ మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల మందం ఆయిల్ పొర. ఆ ఇరుసుకి ఒక చివర మండే పొగ, రెండో చివర తాజా గాలి. గట్టిగా తోలి వచ్చి వెంటనే ఇంజను ఆపేస్తే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, అక్కడ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గు పొర అవుతుంది. ఆ పొర క్రమంగా ఆయిల్ దారిని మూసేస్తుంది. కీసర దాటాక టీకి ఆగాలనుకుంటే చివరి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వస్తే చాలు. చాలా కార్లలో ఇంజను ఆపాక కూడా కూలెంట్ తిప్పే చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, కానీ అది ఆయిల్‌ని తిప్పదు.

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. కింది ఆర్పీఎంలో, పై గేరులో, పెడల్ మొత్తం తొక్కితే రవ్వ పడకముందే మిశ్రమం మండిపోతుంది. మామూలు నాకింగ్ కంటే ఇది ఎన్నో రెట్లు తీవ్రం, ఒక్క దెబ్బకి పిస్టన్ పగిలిన ఇంజన్లున్నాయి. సిలిండర్ గోడ మీద నుంచి ఎగిరిపడే ఆయిల్ తుంపర దీనికి ఒక కారణమనీ, ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దీన్ని ఎగదోస్తాయనీ పరిశోధనల్లో తేలింది. అందుకే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు తెచ్చింది. డబ్బా మీద ఈ గుర్తుతోపాటు మీ కారు కంపెనీ చెప్పిన ప్రమాణం కూడా ఉందో లేదో చూసుకోండి. రెండోది, ఫ్లైఓవర్ ఎక్కుతూ 1,500 ఆర్పీఎం దగ్గర టాప్ గేరులో పెడల్ అదమకండి. ఒక గేరు తగ్గించండి. రీమ్యాప్ కింది ఆర్పీఎంలలో టార్క్ పెంచింది కాబట్టి ఈ జాగ్రత్త మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ కావాలి.

పోలో లాంటి కారుకి కంపెనీ పుస్తకంలో ఆయిల్ మార్పు 15,000 కిలోమీటర్లకో ఏడాదికో ఒకసారి. ట్యూన్ చేసి ఈ ప్రాంతంలో తిప్పే కారుకి నేనైతే అందులో సగమే లెక్క వేస్తాను. ఎక్కువగా పోసిన పెట్రోలులో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. వేడి దాన్ని చిక్కబరుస్తుంది. రెండూ కలిసి ఆయిల్ స్వభావాన్ని కంపెనీ అనుకున్నదానికంటే ముందే చెడగొడతాయి. స్పార్క్ ప్లగ్గుల లెక్కా ఇంతే. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే రవ్వ దూకడం కష్టమవుతుంది. గ్యాప్ అరిగిన ప్లగ్గు పూర్తి బూస్ట్‌లో మిస్సింగ్ ఇస్తుంది, మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. మైలేజీ అకారణంగా తగ్గిందనిపిస్తే ముందు ప్లగ్గులూ టైర్ల గాలీ చూపించుకోవాలి. టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు పట్టించాలి. ఎండలో తిరిగి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువున్నట్టు మీటర్ మోసం చేస్తుంది.

వజ్రాల ఊరి రాతిపొడి

పరిటాల పేరు ఒకప్పుడు వజ్రాల గనులతో వినిపించేది. 2003లో నెలకొల్పిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం ఇప్పుడు ఆ ఊరికి గుర్తు. కారు యజమాని మాత్రం ఇక్కడ ఇంకోటి గమనించాలి: క్రషర్ల నుంచి లేచి రోడ్డు మీద తేలే సన్నటి రాతిపొడి. వజ్రం కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 10 అయితే రాతిపొడిలోని క్వార్ట్జ్ కాఠిన్యం 7. గట్టిపరిచిన ఉక్కుకి అది సమానం, టర్బో కంప్రెసర్ అల్యూమినియం రెక్కలకంటే ఎంతో గట్టిది.

ఒక లీటరు పెట్రోలు మండడానికి తొమ్మిది వేల లీటర్లకి అటూ ఇటూగా గాలి కావాలి. 10,000 కిలోమీటర్లు తిరిగే సరికి కారు అరవై లక్షల లీటర్ల గాలి పీలుస్తుంది. ఫిల్టర్ల తయారీదారులు పరీక్షకి వాడే ప్రామాణిక ధూళి అమెరికాలోని అరిజోనా ఎడారి నుంచి వస్తుంది, దానిలో దాదాపు 70 శాతం సిలికానే. మన క్రషర్ల దగ్గర అలాంటి పరీక్ష రోజూ ఉచితంగా జరుగుతోంది.

ఫిల్టర్ మురికైతే మైలేజీ పడిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. కార్బురేటర్ రోజుల్లో అది నిజమే. ఇప్పటి ఇంజన్లలో కాదు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించి, మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్ల మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు రాదనీ, తగ్గేది పికప్ అనీ తేల్చింది. గాలి తగ్గితే ఈసీయూ పెట్రోలు కూడా తగ్గిస్తుంది మరి. టర్బో ఇంజనులో ప్రమాదం వేరేచోట ఉంది. ఫిల్టర్ అడ్డుపడితే అడిగిన బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ట్యూన్ చేసిన కారులో అది అప్పటికే తన హద్దుకి దగ్గరగా తిరుగుతోంది.

పాపులర్ కదా అని నూనె పూసిన కాటన్ ఫిల్టరు బిగించుకునేవాళ్లున్నారు. అది గాలిని సులువుగా పోనిస్తుంది, దుమ్మునీ అలాగే పోనిస్తుంది. పరిటాల, దొనబండ మీదుగా రోజూ తిరిగే కారుకి కంపెనీ కాగితం ఫిల్టరే మంచిదని నా గట్టి నమ్మకం. దాన్ని గాలి గొట్టంతో ఊది మళ్లీ పెట్టడం కూడా వద్దు, కాగితంలో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. త్వరగా మార్చేయడమే పద్ధతి. ఫిల్టర్ దాటి దుమ్ము పోతోందో లేదో తెలుసుకోవాలంటే తీసేసిన ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపవచ్చు. అందులో సిలికాన్ పెరుగుతూ ఉంటే గాలి దారిలో ఎక్కడో సందు ఉన్నట్టే.

రీమ్యాప్ చేయించేముందే చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన స్పెసిఫికేషన్ నుంచి వాహనాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అక్రమ మార్పుకి యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించే వీలిస్తుంది. వారంటీ ఉన్న కారుని రీమ్యాప్ చేస్తే కంపెనీ స్కానర్ పట్టేస్తుంది. బీమా సంస్థకి చెప్పకుండా చేయిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

చివరగా నీళ్ల సంగతి, ఎందుకంటే ఈ మార్గంలో అది ఊహ కాదు. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ మండలం ఐతవరం దగ్గర హైవే మీదకి వచ్చింది, రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు వరదకి గరికపాడు వంతెన దెబ్బతింది. చల్లటి గాలి కోసమని ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని బంపరు కిందకి దించిన కారు మోకాలి లోతు నీళ్లలోనే మునిగినంత పని. నీళ్లని గాలిలా నొక్కలేం. 300 ఘనపు సెంటీమీటర్ల సిలిండర్‌లోకి కాసిని నీళ్లు చేరినా పైకొస్తున్న పిస్టన్ అక్కడే ఆగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. నెట్టి బయటికి తీసి, బ్యాటరీ వైరు ఊడదీసి, ప్లగ్గులు విప్పి, క్రాంకుని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాకే మిగతా పని. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే ఆయిలూ ఫిల్టరూ మార్చకుండా ఇంజనుని తిప్పకూడదు. మార్చాక కొద్దిసేపు నడిపి, మళ్లీ తీసి చూసి, తెలుపు ఇంకా ఉంటే ఇంకోసారి మార్చాలి.